వ్రాతకు లొంగని పనితనము: ఒక గ్రంథ విమర్శ

ఒక కర్మాగారమున 30 సంవత్సరములు పనిచేసిన మేస్త్రీ పదవీ విరమణ చేయును. పనిముట్లు, కొలతల పుస్తకములు, తాళపు చెవులు అన్నియు జాబితా ప్రకారము క్రొత్తవానికి అప్పగింపబడును. క్రొత్తవాడు చదువుకొన్నవాడు, పుస్తకములో ఉన్నట్లే చేయును. అయినను నెల తిరుగకముందే యంత్రము మొరాయించును, సరకు చెడును. జాబితాలో లేనిదేదో మేస్త్రీతో పాటు గడప దాటి వెళ్లిపోయినదని అప్పుడుగాని యజమానికి తెలియదు.

ఆ వెళ్లిపోయినది ఎట్టిది? దానిని ముందుగానే పట్టి నిలుపుటకు వీలున్నదా? వ్యాపార నిర్వహణ శాస్త్రమున ఈ ప్రశ్నలను పరిశీలించు ఒక ప్రత్యేక శాఖ నేడు కలదు. ఆ శాఖకు పునాది వేసిన గ్రంథములలో ముఖ్యమైనది ‘ది నాలెడ్జ్ క్రియేటింగ్ కంపెనీ’, అనగా ‘జ్ఞానమును సృష్టించు సంస్థ’. జపాను దేశీయులైన ఇకుజిరో నొనాకా, హిరొటాకా తకెయుచి దీని కర్తలు. నొనాకా 1991లో ఇదే పేరుతో ప్రకటించిన ఒక వ్యాసమును విస్తరించి, ఇరువురును కలిసి 1995లో దీనిని గ్రంథముగా వెలువరించిరి. 1935లో జన్మించిన నొనాకా 2025లో మరణించెను. ఆయన చెప్పిన సిద్ధాంతము మాత్రము నిర్వహణ శాస్త్రము బోధించు కళాశాలలలో ఇప్పటికిని పాఠముగా నున్నది. కావున దానియందలి బలమెంత, బలహీనత యెంత అని విచారించుట అవసరము.

గ్రంథకర్తలు జ్ఞానమును రెండు విధములుగా విభజించిరి. మాటలలో, అంకెలలో, పటములలో పెట్టగలిగినది వ్యక్త జ్ఞానము. మనిషి చేతిలోను, కంటిలోను, అలవాటులోను ఇమిడియుండి మాటలకు సులభముగా దొరకనిది అవ్యక్త జ్ఞానము. తెలుగు పాఠకులకు దీనికి దృష్టాంతము వెదకవలసిన పనిలేదు. ఆత్రేయపురపు పూతరేకులను చేయు విధము నాలుగు పంక్తులలో వ్రాయవచ్చును. బియ్యపుపిండిని పలుచని జారుగా కలుపవలెను. కుండను బోర్లించి లోపల మంట పెట్టవలెను. పలుచని గుడ్డను జారులో ముంచి వేడికుండపై పరచి ఒక్కసారి లాగవలెను. కుండపై మిగిలిన పొర ఆరి రేకుగా లేచును. ఇంతకుమించి చెప్పవలసినది లేదనిపించును. కాని ఈ నాలుగు పంక్తులు చదివి కుండ ముందు కూర్చున్నవారికి మొదటి నాడు చిరుగులే మిగులును. జారు ఎంత పలుచన, కుండ ఎంత వేడి, చేయి ఎంత వడి అను సంగతులు చేసి చేసి చేతికి తెలియవలసినవి.

గ్రంథకర్తల వాదమునకు ప్రాణము పోసినది ఒక రొట్టె యంత్రపు కథ. ఒసాకాలోని మత్సుషిత ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు ఇంటిలోనే రొట్టె చేసికొనుటకు పనికివచ్చు యంత్రమొకటి రూపొందింపదలచిరి. 1985లో వారి పని ఒకచోట ఆగిపోయెను. యంత్రము పిండిని సరిగా పిసుకుటలేదు. రొట్టె పైపొర మాడుచున్నది, లోపలి భాగము ఉడుకుటలేదు. యంత్రము పిసికిన పిండిని, రొట్టె పనివారు పిసికిన పిండిని ఎక్స్‌రే తీసి పోల్చిచూచినను ప్రయోజనము కనబడలేదు. అప్పుడు ఇకుకో తనాకా అను ఉద్యోగిని ఒక ఉపాయము చెప్పెను. ఒసాకా నగరములో అన్నిటికంటె మంచి రొట్టె చేయుదురని పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటలులో ప్రధాన రొట్టె పనివాని వద్ద ఆమె శిష్యురాలిగా చేరెను. ఆయన పిండిని పిసుకునప్పుడు ఒక ప్రత్యేకమైన రీతిలో మెలిపెట్టుచు సాగదీయుట ఆమె గమనించెను. తరువాత సుమారు ఒక సంవత్సరము ఇంజనీర్లతో కలిసి ప్రయత్నములు చేయగా, యంత్రపు పాత్ర లోపల ప్రత్యేకమైన గట్లను అమర్చినచో ఆ మెలిక వంటిదే సాధ్యమగునని తేలెను. 1987లో యంత్రము అంగడికి వచ్చి విశేషముగా అమ్ముడుపోయెను.

ఈ కథనుండి గ్రంథకర్తలు నాలుగు మెట్లను తీసిరి. మొదటిది సహవాసము: శిష్యుడు గురువు ప్రక్కన ఉండి, చూచి, చేసి నేర్చుకొనును. రెండవది వ్యక్తీకరణము: నేర్చినదానిని మాటలలోను, ఉపమానములలోను, కొలతలలోను పెట్టును. మూడవది సంయోజనము: ఇట్లు వెలికి వచ్చినదానిని ఇతరుల వద్దనున్న వ్యక్త జ్ఞానముతో జోడించి క్రొత్త వస్తువును తయారుచేయుదురు. నాల్గవది ఆత్మసాత్కరణము: ఆ క్రొత్త పద్ధతి పదిమందికి వాడుకలో పడి మరల చేతి అలవాటుగా మారును. అక్కడినుండి చక్రము మరల మొదటికి వచ్చి, మరింత పెద్దదిగా తిరుగును.

ఇంతవరకు గ్రంథమునకు ఇవ్వవలసిన మెప్పు తక్కువది కాదు. సంస్థ అనగా సమాచారమును మ్రింగి ఉత్తరువులను వెలువరించు పెద్ద గణన యంత్రము వంటిదని అంతకుముందు పాశ్చాత్య నిర్వహణ శాస్త్రమున ఒక భావము బలముగా నుండెను. ఈ గ్రంథము ఆ భావమును ఎదిరించి, పనిచేయు మనిషిని మరల వేదిక నడుమకు తెచ్చెను. పై అధికారుల ఆశయమునకును, క్రింది పనివారి అనుభవమునకును వంతెన కట్టువారు మధ్యస్థాయి ఉద్యోగులేయని గుర్తించి, వారిని అనవసరపు ఖర్చుగా చూచుట తగదని చెప్పెను. ఒక ఉద్యోగినిని రొట్టెలు చేయుట నేర్చుకొనుటకు పంపుట కంపెనీ సొమ్ము వృథాచేయుట కాదని ఋజువుచేసిన గ్రంథమిది.

చిక్కు రెండవ మెట్టు వద్ద వచ్చినది. అవ్యక్త జ్ఞానము వ్యక్త జ్ఞానముగా ‘మారును’ అని గ్రంథకర్తలు చెప్పుచున్నారు. మంచు కరగి నీరైనట్లు చేతిలోని నేర్పు మాటగా మారిపోవునా?

అవ్యక్త జ్ఞానమను భావమును గ్రంథకర్తలు మైకేల్ పొలాన్యీ వద్దనుండి గ్రహించిరి. హంగేరీలో జన్మించి, పిదప ఇంగ్లండులో స్థిరపడిన పొలాన్యీ (1891–1976) మొదట రసాయన శాస్త్రజ్ఞుడు, తరువాత తత్త్వవేత్త. ఆయన ఇచ్చిన సైకిలు దృష్టాంతము భౌతిక శాస్త్ర విద్యార్థులకు మిక్కిలి ఉపయుక్తము. సైకిలు ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు తొక్కువాడు చక్రమును ఆ ప్రక్కకే త్రిప్పును. బండి వంపుదారిన పోవును. పడిపోకుండ నిలువవలెనన్న ఆ వంపు వ్యాసార్ధము వేగపు వర్గమునకు అనులోమముగాను, ఒరిగిన కోణపు టాంజెంటునకు విలోమముగాను ఉండవలెను. సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచు 10 డిగ్రీలు ఒరిగిన సైకిలునకు ఆ వ్యాసార్ధము సుమారు 14.5 మీటర్లు. వేగము సగమైనచో అది నాల్గవ వంతునకు, అనగా సుమారు 3.6 మీటర్లకు తగ్గును. ఈ సూత్రము ముమ్మాటికి నిజము. కాని సైకిలు తొక్కు పిల్లలకు ఇది తెలియదు. ఇది కంఠస్థము చేసినవాడు దీనివలన తొక్కనేర్వడు. సూత్రము నేర్పును వర్ణించును గాని, నేర్పునకు బదులుగా నిలువదు.

అంతేకాదు. సూత్రమును చదివి అర్థము చేసికొని, ఎక్కడ ఎట్లు వాడవలెనో తెలిసికొనుటకు కూడ మాటలకందని ఒక నేర్పు అవసరమని పొలాన్యీ అభిప్రాయము. కావున ఆయన దృష్టిలో అవ్యక్త జ్ఞానమనగా ఇంకను వ్రాయబడని జ్ఞానము కాదు. వ్రాతలన్నిటికిని అడుగున నిలిచియున్న నేల. ఆ నేలను త్రవ్వి ఇంటిపై అంతస్తుగా పేర్చుట పొసగదు. గ్రంథకర్తలు పొలాన్యీ పేరును తీసికొనిరి గాని, ఈ ముఖ్యాంశమును జారవిడిచిరి. ఈ ఆక్షేపణను తరువాతి పండితులు పలువురు చేసియున్నారు.

పరిశ్రమలకు సంబంధించిన ఒక సంగతిని కూడ పొలాన్యీ వ్రాసెను. విద్యుద్దీపపు గాజు బుడ్లను ఊదు క్రొత్త యంత్రమొకటి హంగేరీకి దిగుమతి చేయబడెను. సరిగా అట్టి యంత్రమే జర్మనీలో చక్కగా పనిచేయుచున్నది. హంగేరీలో మాత్రము ఒక సంవత్సరము గడచినను దానినుండి లోపములేని బుడ్డి ఒక్కటియు రాలేదట. యంత్రము సముద్రములను, సరిహద్దులను దాటగలదు. దానిచుట్టు ఉన్న పనివారి వాడుక దానితో రాదు.

విజ్ఞాన శాస్త్రమునకే అంకితమైన ప్రయోగశాలలలో కూడ ఇట్లే జరుగునని హ్యారీ కాలిన్స్ అను బ్రిటిషు సమాజ శాస్త్రవేత్త చూపెను. వాతావరణ పీడనము వద్ద కార్బన్ డయాక్సైడు వాయువుతో పనిచేయు ఒక జాతి లేజరును గూర్చి 1970లో కెనడానుండి ప్రకటన వెలువడెను. దానిని నిర్మింప ప్రయత్నించిన బ్రిటిషు ప్రయోగశాలలను కాలిన్స్ పరిశీలించి 1974లో తన వ్యాసమును ప్రచురించెను. అచ్చయిన వ్యాసములను మాత్రమే చదివి లేజరును పనిచేయించినవారు ఒక్కరును ఆయనకు కనబడలేదు. జయించినవారందరును అంతకుముందే జయించినవారితో సాన్నిహిత్యము కలవారే. పాఠకులు అల్పజ్ఞులు కారు; వారందరును శాస్త్రజ్ఞులే.

ఈ కాలిన్సే రోడ్రిగో రిబేరో అను సహచరునితో కలిసి 2007లో మత్సుషిత వారి రొట్టె యంత్రమును తిరిగి విచారించెను. రొట్టె పనివాని నేర్పు యంత్రములోనికి ప్రవేశించినదను మాటను వారు అంగీకరింపలేదు. వారి వాదము సారాంశమున ఇట్టిది: యంత్రము చేయునది ఒకే రీతిగా మరల మరల జరుపదగిన కదలిక మాత్రమే. పిండి పదునును చూచి, ఋతువును గమనించి, తినువారి అభిరుచిని ఎరిగి పనిని మార్చుకొనగలుగుటే పనివాని విద్య. అది యంత్రములో లేదు. యంత్రము విడిచిన ఖాళీలను ఇంటివారు పూరించుచున్నారు; వారే సరకులను కొలిచి పోయుచున్నారు, వచ్చినది మంచి రొట్టెయో కాదో వారే తేల్చుచున్నారు. ఈ విమర్శ న్యాయమైనదని ఒప్పుకొనవలెను. తనాకా హోటలునుండి తెచ్చినది ఆ పనివాని విద్య యంతయు కాదు. అందులో యంత్రమునకు పనికివచ్చు ఒక మెలిక మాత్రమే. ఆ మెలికను గుర్తుపట్టుటకైనను ఆమె స్వయముగా పిండి పిసుకవలసి వచ్చెను.

మాటలకందని నేర్పు ఎంతవరకు వ్రాతకు అందునను ప్రశ్నకు మరింత కఠినమైన పరీక్ష అమెరికాలో ఎదురయ్యెను. అది వాణిజ్య వస్తువును గూర్చినది కాదు గాని, కర్మాగారపు జ్ఞానమును గూర్చినదే. అణ్వాయుధములలో వాడు ‘ఫాగ్‌బ్యాంక్’ అను రహస్య పదార్థము 1980లలో ఆ దేశమున తయారగుచుండెను. తరువాత ఉత్పత్తి ఆగిపోయెను. 2000 తరువాత పాత ఆయుధములను పునరుద్ధరించుటకు అది మరల అవసరమయ్యెను. అప్పటికి దానిని చేయనెరిగినవారు దాదాపు అందరును వెళ్లిపోయిరి. వ్రాతపూర్వకమైన ఆధారములును చాలినన్ని లేవు. ఈ సంగతి అమెరికా ప్రభుత్వ గణన తనిఖీ కార్యాలయము 2009లో ప్రకటించిన నివేదికలో కలదు.

అయితే కాగితములు సరిగా దాచియుండినచో చిక్కు తీరెడిదా? లాస్ అలమోస్ ప్రయోగశాల వారి పత్రిక అదే సంవత్సరమున వివరించిన కారణము చిత్రమైనది. పూర్వము వాడిన ముడిపదార్థములో ఒక మాలిన్యముండెను. క్రొత్త కర్మాగారములో ఆ ముడిపదార్థమును మరింత బాగుగా శుద్ధిచేయుటచే ఆ మాలిన్యము పోయెను. పదార్థమునకు కావలసిన గుణమునిచ్చినది ఆ మాలిన్యమే! దాని ప్రాముఖ్యము పాత పనివారికిని తెలియదు. తమకే తెలియనిదానిని వారు ఏ కాగితముపై వ్రాయగలరు? ఆపకుండ సాగించిన పనిలో ఆ రహస్యము తనంతట తాను భద్రముగా నుండెను. పని ఆగినప్పుడు పోయెను. జ్ఞానమును వెలికితీసి వ్రాసినచో చాలునను నమ్మకమునకు ఇంతకుమించిన సమాధానము అక్కరలేదు.

అయినచో వ్రాత నిరర్థకమని తాత్పర్యము కాదు. వ్రాతను ఎవరు వ్రాయుచున్నారు, ఎవరికొరకు వ్రాయుచున్నారు అనునదే ప్రధానము. జెరాక్స్ కంపెనీ అనుభవము దీనికి మంచి నిదర్శనము. నకలు యంత్రములను మరమ్మతు చేయువారి పనితీరును జూలియన్ ఆర్ అను పరిశోధకుడు దగ్గర నుండి పరిశీలించి 1996లో ఒక గ్రంథము ప్రచురించెను. కంపెనీ ఇచ్చిన పుస్తకములో ఏ లోపమునకు ఏమి చేయవలెనో మెట్టుమెట్టుగా వ్రాసియుండెను. కాని యంత్రములు పుస్తకము ప్రకారము చెడవు. చిక్కుముడి పడినప్పుడు మరమ్మతు పనివారు ఫలహారపు వేళలందు కూడి, తమ తమ అనుభవములను కథలుగా చెప్పుకొని దానిని విప్పుచుండిరి. పైవారికి కాలక్షేపముగా కనబడు ఆ మాటలే నిజమైన శిక్షణ.

దీనిని గ్రహించి ఆ కంపెనీ 1990లలో ‘యురేకా’ అను ఏర్పాటును చేసెను. మరమ్మతు పనివాడు తాను కనుగొన్న చిట్కాను వ్రాసి పంపును. అనుభవజ్ఞులైన తోటి పనివారు దానిని పరీక్షింతురు. నిలిచినచో అది వ్రాసినవాని పేరుతో అందరికిని అందుబాటులోనికి వచ్చును. ఇందుకు సొమ్ము బహుమానముకంటె తమ పేరు ఉండుటయే పనివారు కోరిరి. ఇక్కడ కూడ వ్రాత ఉన్నది. కాని ఆ వ్రాత పనివానినుండి పిండి తీసినది కాదు. పని తెలిసినవాడు పని తెలిసినవానికి వ్రాసిన ఉత్తరము వంటిది. చదువువాని చేతిలో అప్పటికే సగము విద్య కలదు. కావున రెండు పంక్తులు చాలును.

ఈ దృష్టితో చూచినచో నొనాకా, తకెయుచిల గ్రంథమున మరి రెండు కొరతలు కనబడును. మొదటిది: వారు ముఖ్యముగా గెలిచిన కథలనే ఏరుకొనిరి. మత్సుషిత రొట్టె యంత్రము, హోండా కారు, క్యానన్ నకలు యంత్రము, ఇవన్నియు జయగాథలు. గురువు వద్ద చేరియు ఏమియు తేలేకపోయిన శిష్యుల కథలు, నాలుగు మెట్లును ఎక్కి నష్టపోయిన సంస్థల కథలు ప్రక్కన పెట్టి చూచినగాని సిద్ధాంతము పరీక్షకు నిలిచినట్లు కాదు. పరిశోధనాగారమున ఒక మందు పనిచేసిన రోగులను మాత్రమే లెక్కించుట వంటిది ఈ పద్ధతి. రెండవది: వారి చూపు జ్ఞానము పుట్టుటపై నిలిచినంతగా అది నిలుచుటపై నిలువలేదు. సంపాదించిన జ్ఞానము సంస్థలో ఒక అడుగు పొరగా చేరియుండునని వారు చెప్పిరి. కాని ఆ పొర ఎవరి చేతులలో జీవించును, ఆ చేతులు వెళ్లిపోయినప్పుడు ఏమగును అను విచారణకు తగిన చోటీయలేదు.

ఈ కొరత పండితుల తగవుగా మిగిలిపోలేదు. 1990ల చివర అనేక సంస్థలు ‘జ్ఞాన నిర్వహణ’ పేరుతో కంప్యూటరు భాండాగారములను నింపుటకు పూనుకొనెను. అనుభవమంతయు కాగితముగా మారునని నమ్మిన యజమానికి అనుభవజ్ఞుడు భారముగా కనబడుటలో వింతలేదు. వ్రాయించుకొన్న తరువాత పంపివేయవచ్చునని తోచును. గ్రంథకర్తలు కోరినది ఇది కాదు. మనిషికి గౌరవము తెచ్చుటయే వారి ఆశయము. కాని ‘మారును’ అను ఒక్క మాట ఈ దురర్థమునకు తలుపు తెరిచెను. నేర్పు కాగితముగా మారదనియు, కాగితము నేర్పునకు తోడు మాత్రమే కాగలదనియు చెప్పియుండినచో, వృద్ధుడైన మేస్త్రీని పంపివేయుటకు ముందు అతని ప్రక్కన ఒక యువకుని రెండేండ్లు నిలుపుట అవసరమని తేలియుండెడిది.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఈ విషయమును తమ ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. ఫినాఫ్తలీను సూచికతో ఆమ్లమును క్షారముతో అంశమాపనము చేయు విధము ప్రయోగ పుస్తకములో స్పష్టముగా నుండును. దానిని చదివిన విద్యార్థి బురెట్టు మరను త్రిప్పి, క్షణములో ముదురు గులాబి రంగును తెచ్చి కూర్చుండును. ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచి, ఒక చేత మరను త్రిప్పుచు రెండవ చేత ఫ్లాస్కును ఊపుట చూపి, ఒక్క బొట్టుతో వచ్చి నిలిచిన లేత గులాబిని ‘ఇదే’ అని వ్రేలితో చూపినప్పుడు విద్యార్థి కంటికి ఆ రంగు తెలియును. పుస్తకములోని ‘లేత’ అను మాటకు అప్పుడు అర్థము వచ్చును. ఆ ఉపాధ్యాయుడు బదిలీయై వెళ్లినప్పుడు బీరువాలోని సామగ్రి పట్టికలో ఈ ‘ఇదే’ చేరదు. అది మిగులవలెనన్న, క్రొత్తగా వచ్చినవారు పాతవారితో కొన్ని తరగతులు కలిసి నడుపుట తప్ప వేరు దారిలేదు.

మొత్తముమీద నొనాకా, తకెయుచిల గ్రంథము చదువదగినది. రొట్టె పనివాని వద్దకు తనాకా వెళ్లిన ఘట్టము నిర్వహణ శాస్త్రమునకు వారు చేసిన శాశ్వతమైన ఉపకారము. అయితే ఆ నాలుగు మెట్లలో రెండవదానిని సంశయముతోను, మొదటిదానిని శ్రద్ధతోను చదువవలెను. సంస్థ తన జ్ఞానమును కాపాడుకొనదలచినచో, ఎన్ని పుటలు వ్రాయించినది అని కాక, ఎవరి ప్రక్కన ఎవరు నిలిచి పని నేర్చుకొనుచున్నారు అని ముందుగా లెక్క చూచుకొనవలసియున్నది.